అల్కిమస్‌కి రెండో పురుడు

గ్రీకు సముద్రంలో ఒక చిన్న దీవి. ట్రాయ్ యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాయి. ఎండెక్కుతోంది. మూసిన తలుపుకు బయట ఒక మగమనిషి, లోపల ఒక ఆడమనిషి.

"ఆ తెడ్డుతో బాదకు. తలుపు పాడవుతుంది."

"తలుపు గురించా నీ దిగులు? నికారెతీ, నేనే! నీ మొగుణ్ణి, అల్కిమస్‌ని! గొంతు గుర్తుపట్టలేదా?"

"పట్టాను. మెట్టెక్కుతూ దగ్గావు చూడు, అప్పుడే పట్టాను."

"మరి తియ్యి."

"తియ్యను."

"ఎవడో దొంగనుకుంటున్నావా? ఇదిగో, మోచెయ్యి. గాలం దిగబడిన మచ్చ. ఆ పలకల సందులోంచి చూడు. ఏంటి, ఈ సందు ఇంకా అలాగే ఉందా?"

"యుద్ధం నుంచి రాగానే బాగుచేస్తానని చెప్పి వెళ్ళావుగా. ఉంచాను."

"చూశావా మచ్చ?"

"చూశాను. నువ్వు నువ్వే. నువ్వెవరన్నది కాదు ఇక్కడ పేచీ."

"ఇంకేంటి పేచీ?"

"నువ్వు చచ్చిపోయావు. అదీ పేచీ."

"ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే!"

"మాట్లాడుతున్నావు. కాదనలేదు. రేవు పక్కన దిబ్బ చూడలేదా?"

"చూశాను. దాని మీంచే పీక్కొచ్చాను ఈ తెడ్డు."

"పీకేశావా? సమాధి మీది తెడ్డు పీకేశావా?"

"నా తెడ్డు! పిడి మీద చేప నేను చెక్కిందే!"

"చేపా అది? ఇన్నాళ్ళూ కాలి చెప్పు అనుకున్నాను."

"నికారెతీ, నాకు ఒళ్ళు మండుతోంది."

"నీడలోకి జరుగు. అన్నీ పద్ధతిగానే చేశాను. తేనె పోశాం, పాలు పోశాం, ద్రాక్ష సారా పోశాం. ఊరంతా నిలబడి నిన్ను మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. నువ్వు పలకలేదు."

"సముద్రానికి ఆ ఒడ్డున ఉన్నవాణ్ణి ఎలా పలుకుతాను!"

"పలకలేదు కాబట్టి దిబ్బ వేశాం. నీ పేరున జుట్టు కూడా కత్తిరించుకున్నాను. అసలే నాది పలచన."

"ఎవడు చెప్పాడు నీకు నేను చచ్చానని? ముందది చెప్పు. వాడి పేరు చెప్పు, నాలుక కోసి గాలానికి గుచ్చుతాను."

"కాస్త పక్కకి జరుగు, అంజీరపళ్ళు ఎండబెట్టాను. తొక్కేలా ఉన్నావు."

"నేనేం అడిగాను, నువ్వేం చెబుతున్నావు?"

"ఎడమ కాలు. ఆఁ, ఇంకొంచెం. చాలు."

"ఒక మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. లోపల ఎవడున్నాడు?"

"మేక ఉంది. ఇవాళో రేపో ఈనేలా ఉంది. అరిచి దాన్ని బెదరగొట్టకు."

"నేను లేనప్పుడు ఎవడూ రాలేదా, పెళ్ళి చేసుకుంటానని?"

"వచ్చారు. ఒకడు దోనె నిండా ఉప్పు చేపలు తెచ్చాడు. చేపలు ఉంచుకుని వాణ్ణి పంపించాను. చచ్చిన మొగుడొకడు చాలు, బతికున్నవాణ్ణి ఎక్కడ మేపను అన్నాను."

"చూశావా! నా మీద అంత ప్రేమ ఉండబట్టే కదా. తియ్యి మరి."

"తియ్యకూడదు."

"ఇందాక తియ్యనన్నావు. ఇప్పుడు తియ్యకూడదంటున్నావు."

"రెండూ నిజమే."

"ఇంకో సంగతి. నన్ను 'మీరు' అనేదానివి నువ్వు. 'ఏమండీ' అనేదానివి. ఇప్పుడు నువ్వు, నువ్వు అంటున్నావేం?"

"అప్పుడు మీరు బతికి ఉన్నారు. ఇప్పుడు నువ్వు చచ్చిపోయావు."

"సరే, ఊరి పెద్దల్నే పిలుస్తాను. వాళ్ళే తేలుస్తారు."

"పిలువు. రేవులో వాళ్ళంతా కనబడలేదా?"

"కనబడ్డారు."

"ఏమన్నారు?"

"ఏమంటారు... వలలు వదిలేసి పరిగెత్తారు. ఒకడు గుండెల మీద ఉమ్మేసుకున్నాడు, దయ్యాన్ని చూసినట్టు. మంచినీళ్ళు అడిగితే కుండ అక్కడే పారేసి పోయారు. నా పక్కన తెడ్డేసినవాడు, నా చేతి రొట్టె తిన్నవాడు, వాడు కూడా!"

"వాడు నీ కర్మ భోజనమూ తిన్నాడు. మూడోసారి వడ్డించుకున్నాడు. ఇప్పుడు నువ్వు బతికున్నావని ఒప్పుకుంటే అదంతా ఎక్కడ కక్కుతాడు? ఇదిగో, మిర్తాలి పిన్ని వస్తోంది. నీకు పురుడు పోసిన మంత్రసాని. ఆవిణ్ణి అడుగు, నేను చెప్పేది పద్ధతో కాదో."

"మిర్తాలి అత్తా! ఇంకా ఉన్నావా నువ్వు?"

"నేనున్నాను నాయనా. లేనివాడివి నువ్వు. అక్కడే ఆగు, నా మీద పడకు. నాకు మైల అంటుతుంది."

"నువ్వూ అదే పాటా!"

"ఒరేయ్ అల్కిమా, అరవకు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. తల ముందు రావాలిరా అంటే కాళ్ళు ముందు పెట్టావు, మీ అమ్మ ప్రాణం మీదికి తెచ్చావు. విను. కర్మ జరిగినవాడు గడప తొక్కకూడదు. గుడి మెట్టెక్కకూడదు. ఎవరి పొయ్యి మీది తిండీ తినకూడదు. ఇది నికారెతి పెట్టింది కాదు, నేను పెట్టింది కాదు."

"పొరపాటున చేసిన కర్మ అత్తా అది! నేను చావలేదు, కాబట్టి చెల్లదు. అంతే!"

"పోసిన తేనె భూమి తాగేసింది కదరా. చెల్లదంటే తిరిగిస్తుందా?"

"అయితే నన్నేం చెయ్యమంటావు? మళ్ళీ సముద్రంలో పడమంటావా?"

"దారి ఉంది. వెనకటికి నీలాగే ఒకడు తిరిగొస్తే, డెల్ఫీ గుళ్ళో సోదె చెప్పే ఆవిణ్ణి అడిగారు. చచ్చినవాడు ఇంట్లోకి రావాలంటే ఏం చెయ్యాలి అని. ఏం చెప్పింది? పుట్టినవాళ్ళు ఎలా వచ్చారో అలాగే రావాలి అంది."

"అంటే?"

"అంటే మళ్ళీ పుట్టాలి."

"ఏంటీ?"

"నేను స్నానం చేయించాలి. గుడ్డల్లో చుట్టాలి. పాలు పట్టాలి. నువ్వు ఏడవాలి. ఆ తరవాత ఇంటి పెద్ద నిన్ను నేల మీంచి ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిప్పాలి. అప్పుడు నువ్వు ఈ ఇంటివాడివి. ఒలీవ కొమ్మ గుమ్మానికి కడతాం, మగపిల్లాడు పుట్టాడని."

"నికారెతీ! నవ్వుతున్నావు కదూ!"

"లేదు. దగ్గు."

"నేను! ట్రాయ్ గోడల కింద నిలబడ్డవాణ్ణి! అలలు ఇంటి కప్పు ఎత్తున లేస్తుంటే చుక్కాని వదలనివాణ్ణి! నన్ను గుడ్డల్లో చుట్టి ఉగ్గు పడతారా? చస్తే ఒప్పుకోను!"

"చచ్చే ఉన్నావుగా నాయనా. ఒప్పుకుంటే పోలా."

"ఒప్పుకోను. ఈ గడప మీదే కూచుంటాను. ఎన్నాళ్ళు తియ్యవో చూస్తాను."

"కూచో. పిన్నీ, లోపలికి రా, పెరటి దారిన. రొట్టెలు దించాను. బార్లీ రొట్టె, మేక జున్ను. నువ్వుల పొడి కూడా చల్లాను."

"వాసన ఇక్కడికి వస్తోంది నికారెతీ."

"వస్తుంది. ఆ సందులోంచి అన్నీ వస్తాయి."

"నిన్న పొద్దున్న తిన్నాను, రెండు ఎండు చేపలు."

"పాపం."

"ఒక ముక్క అందించు. సందులోంచే."

"నా పొయ్యి మీది తిండి నువ్వు తినకూడదు. విన్నావుగా."

"...అత్తా."

"చెప్పు నాయనా."

"ఎవరూ చూడరు కదా?"

"ఊరంతా పారిపోయారన్నావుగా. ఎవరు చూస్తారు?"

"ఎంతసేపు పడుతుంది?"

"మొదటిసారి రెండు పగళ్ళు తీసుకున్నావు. ఈసారి తొందరగానే అవుతుందిలే. రా, ఆ తొట్టి దగ్గరికి. అంగీ తియ్యి. సిగ్గెందుకురా, నిన్ను నీకంటే ముందు చూసినదాన్ని."

"అబ్బా! చల్లటి నీళ్ళు!"

"పుట్టినవాడికి ఏదైనా చల్లగానే ఉంటుంది. తిరుగు. ఏవిట్రా ఈ పొట్ట? అన్నేళ్ళు తుఫానుల్లో తిరిగినవాడికి పొట్టొచ్చిందా?"

"గాలి అత్తా. సముద్రపు గాలి. మా కష్టాలు నీకేం తెలుసు! గాలి మమ్మల్ని వెనక్కి కొట్టింది. మేం ఎటు తెరచాప ఎత్తితే అటు నుంచి కొట్టేది. ఒక దీవిలో మనుషులకి నీడలు లేవు. వాళ్ళు మా నీడలు కావాలని వెంటపడ్డారు. ఇంకోచోట ఒడ్డు అనుకుని దిగితే అది నిద్రపోతున్న చేప."

"ఎవరు లేపారు?"

"మావాడే. వంట చేద్దామని నిప్పు రాజేశాడు."

"అందరూ పోయారా?"

"అందరూ. నేనొక్కణ్ణే ఈదాను. ఆ తరవాత... ఆ తరవాత ఒక మంత్రగత్తె చేతికి చిక్కాను."

"లోపలికి సరిగ్గా వినబడలేదు. ఎవరి చేతికి?"

"మంత్రగత్తె, నికారెతీ! ఎవరూ లేని దీవి. కదలనివ్వలేదు నన్ను. ఏళ్ళ తరబడి!"

"గొలుసులు వేసిందా?"

"గొలుసులెందుకు? మంత్రం! కాళ్ళు రేవు వైపు నడిచేవి కావు."

"అయ్యో. తిండి పెట్టేదా?"

"అదీ మంత్రం తిండే."

"బాగానే ఒంటబట్టింది. పిన్నీ, ఆ అంగీ ఇలా సందు దగ్గర పెట్టు, ఒకసారి చూస్తాను. అంచు బాగుందే. ఎర్ర నూలూ తెల్ల నూలూ కలిపి నేసింది. ఇంత దగ్గర నేత నాకూ రాదు. మంత్రగత్తెకి మగ్గం కూడా ఉందా?"

"ఉండొచ్చు. నేను గమనించలేదు."

"భుజం దగ్గర మాసిక చూడు పిన్నీ. చిరిగిన చోటు తెలియకుండా వేసింది. మంత్రాలతో అవదు ఇది. ఓపిక కావాలి."

"నికారెతీ, నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తే నువ్వు అంచులూ మాసికలూ చూస్తున్నావా?"

"నా పని అదేగా. నువ్వు లేనప్పుడు ఆ మగ్గమే తిండి పెట్టింది. ఇంతకీ మంత్రం ఇప్పుడెలా విడిచింది?"

"గాలి మారింది."

"అంతేనా?"

"అంతే. గాలి మారింది, వచ్చేశాను. అత్తా, అంత గట్టిగా రుద్దకు!"

"అయిపోయింది. ఇక గుడ్డలు. నికారెతీ, ఈ కొలత మనిషికి పసిగుడ్డలు ఎక్కడి నుంచి తెస్తాను? ఏదైనా ఉందా?"

"అటక మీద పాత తెరచాప ఉంది. పేలికలుగా చించి ఉంచాను. పెరటి వైపు నుంచి అందిస్తాను, తీసుకో."

"చించి ఉంచావా? ఎప్పుడు?"

"ఎప్పుడైతేనేం పిన్నీ. ఎప్పటికైనా పనికొస్తాయని ఉంచాను."

"నా తెరచాప!"

"కదలకురా. చేతులు పక్కకి పెట్టు. పసివాళ్ళకి చేతులు విడిగా ఉంచితే ముఖం గీరుకుంటారు."

"నేను గీరుకోను అత్తా, నాకు..."

"పెట్టు. ఆఁ. ఈ ఇంట్లో ఒక పురుడు పోయాలని ఎన్నేళ్ళో ఎదురుచూశాను. పెళ్ళయిన మూడో నెలకే నువ్వు పడవెక్కేశావు. చివరికి నీకే పోయాల్సి వచ్చింది. కాళ్ళు కలుపు."

"బిగుతుగా ఉంది."

"ఉండాలి. నీ పెళ్ళాం మాత్రం మహా మొండిదిరా. యుద్ధం అయిపోయి అందరూ వచ్చారు, నువ్వు రాలేదు. పోయాడమ్మా, కర్మ చేసెయ్యి, ఆత్మ తిరుగుతుంటుంది అని నేను, ఊరూ, గుడి పూజారీ, అందరం చెప్పాం. వింటేనా! నా మొగుడు చావలేదు, దిబ్బ మీద చెయ్యి వేస్తే చెయ్యి విరుస్తాను అంది. పూజారి గడ్డం పట్టుకుని గుంజింది."

"విన్నావా! అదీ నా నికారెతి!"

"ఏళ్ళు, నాయనా. పొద్దున్నే రేవు, సాయంత్రం రేవు. ఎవరి పడవ వచ్చినా వెళ్ళి అడిగేది. తరవాత ఒకరోజు తెల్లారకుండానే మా గుమ్మంలోకి వచ్చింది. 'పిన్నీ, తేనె ఉందా, నా మొగుడికి దిబ్బ వెయ్యాలి' అంది. కళ్ళల్లో చుక్క నీళ్ళు లేవు. ఏమైంది తల్లీ అంటే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు."

"అదే నేనూ అడుగుతున్నాను! నికారెతీ, అంత మొండిగా ఉన్నదానివి, ఎవడి మాట నమ్మావు? నేను చచ్చానని ఎవడు చెప్పాడు?"

"పాలు కాగాయి. పిన్నీ, గుడ్డ ముంచి పట్టు. మరీ వేడిగా ఉన్నాయేమో చూడు."

"చూశావా అత్తా, చెప్పదు! నేను... మ్మ్..."

"మింగు. మేక పాలు. ఇంకొంచెం. శభాష్. ఇప్పుడు ఏడవాలి."

"ఏడవను."

"ఏడవకపోతే పుట్టినట్టు కాదురా."

"చేప మునిగినప్పుడు ఏడవలేదు. స్నేహితులు పోయినప్పుడు ఏడవలేదు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య తెరచాపలో చుట్టి పడుకోబెట్టినందుకు ఏడుస్తానా? అల్కిమస్ ఏడవడు. కావాలంటే... అమ్మో! అబ్బబ్బా! నీళ్ళు నెత్తి మీద పోస్తావేం!"

"చాలు. అది ఏడుపే. లోకం అంతా విన్నది. నికారెతీ, పుట్టాడు! మగపిల్లాడు!"

"సంతోషం పిన్నీ. అందంగా ఉన్నాడా?"

"తల పెద్దది."

"ఇక చాలు ఈ వేళాకోళం. పుట్టాను కదా. ఎత్తుకోండి, లోపలికి పోదాం. రొట్టె చల్లారిపోతుంది."

"నేను కాదు నాయనా. ఇంటి పెద్ద ఎత్తుకోవాలి."

"ఇంటి పెద్దని నేనేగా!"

"నువ్వు ఇప్పుడే పుట్టావు."

"అయితే ఎవరు?"

"దిబ్బ వేసిన రోజు నుంచి ఈ ఇంటికి పెద్ద నికారెతే. ఊరు ఒప్పుకుంది. ఒలీవ చెట్లు ఆమెవి, మగ్గం ఆమెది, గడప ఆమెది."

"సరే, ఆవిడే. మనిషిని మొత్తం ఎత్తక్కర్లేదులే, చెయ్యేసి ఎత్తినట్టు చేసినా చాలు. ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిరిగితే అయిపోతుంది. తరవాత పేరు పెట్టుకుంటాం, అదే పేరు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటాం, అదే పెళ్ళి. అంతా మునుపటిలాగే. అంతే కదా అత్తా?"

"ఆమె ఎత్తుకుంటే అంతే."

"ఎత్తుకోకపోతే?"

"ఎత్తుకోకపోతే ఈ ఇంటివాడివి కాదు. నేల మీద వదిలేసిన పిల్లాడు ఎవరికీ ఏమీ కాడు. దారినపోయేవాళ్ళు ఎవరైనా తీసుకుపోవచ్చు."

"ఏం మాటలు అవి! నికారెతీ, గడియ తీస్తున్న చప్పుడేగా? వస్తున్నావుగా?"

"వస్తున్నాను."

"ఆఁ. చూశావా అత్తా. వచ్చింది. నికారెతీ... జుట్టు తెల్లబడింది నీకు."

"నీకు తెల్లబడలేదు. నీడపట్టున ఉన్నట్టున్నావు."

"రా తల్లీ. ఇటు వంగు. భుజాల కింద చెయ్యి పెట్టు, నేను కాళ్ళ వైపు పట్టుకుంటాను. ఒలీవ కొమ్మ తెచ్చే ఉంచాను, ఇదిగో."

"కొమ్మ అక్కడ పెట్టు పిన్నీ. నేను ఎత్తుకోను."

"ఏంటీ?"

"ఎత్తుకోను. కట్లు విప్పి పంపించెయ్యి. అంగీ ఆ సందు దగ్గరే ఉంది, అంచు నలగకుండా తొడుక్కోమను. తెడ్డు మటుకు ఇక్కడ వదిలి వెళ్ళాలి, మళ్ళీ దిబ్బ మీద పాతాలి."

"నికారెతీ! ఇంత చేయించి! ఈ తెరచాపలో కదలకుండా కట్టించి, ఇప్పుడు ఎత్తుకోనంటావా?"

"కదిలితే సగం విని వెళ్ళిపోతావు. అందుకని కట్టించాను."

"ఏం వినాలి నేను? ఏళ్ళ తరబడి నా కోసం రేవులో నిలబడ్డదానివి, పూజారి గడ్డం పట్టుకున్నదానివి! ఎవడో ఒక తాగుబోతు వచ్చి మునిగిపోయాడని ఒక ముక్క చెబితే, అది నమ్మి నన్ను పూడ్చేస్తావా? ఆఖరిసారి అడుగుతున్నాను. నేను చచ్చానని నీకు చెప్పిందెవడు?"

"ఎవరూ చెప్పలేదు. పక్క సముద్రంలో తిరుగుతూ కుండలమ్మేవాడు ఒకడు వచ్చాడు. మీ ఊరి యాస మాట్లాడేవాడు ఒకడు ఫలానా దీవిలో ఉన్నాడమ్మా అన్నాడు. మోచేతి మీద గాలం మచ్చ, ద్రాక్షతోట, నేత నేసే పెళ్ళాం, గుమ్మంలో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలు. ఇంటికెందుకు పోవయ్యా అని అడిగితే, దారి మర్చిపోయానని పడీ పడీ నవ్వాడట. ఇంత మంచి కబురు తెచ్చాడు కదా అని అతని దగ్గర ఒక కుండ కొన్నాను. మర్నాడు పొద్దున నీ కర్మకి తేనె పోసింది ఆ కుండలోంచే. నువ్వు బతికున్నావని తెలిశాకే నీకు దిబ్బ వేయించాను."